సంచారి అనబోయి ‘సెర్సెరి’ అన్నాను, ఇప్పుడేం చేయాలి?

ఈసారి ఉత్తరం బెర్లిన్ నుంచి వచ్చింది. రాసిన యువకుడికి ముప్పై రెండేళ్లు. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక పల్లెలో పుట్టి, హైదరాబాదులో చదువుకుని, తర్వాతి తొమ్మిదేళ్లలో ఐదు నగరాలు మారి జర్మనీ చేరారు. తనతో పాటు పనిచేసే ఒక అమ్మాయిని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారు. ఆ అమ్మాయి తాతగారు 1960లలో టర్కీలోని ఐదిన్ ప్రాంతం నుంచి కార్మికుడిగా జర్మనీకి వచ్చారు. తండ్రి బెర్లిన్‌లోనే సొంత వడ్రంగి పని నడుపుకుంటున్నారు. పెళ్లి మాట విన్నప్పుడు ఆయన అవునని గానీ కాదని గానీ అనలేదు. “ఆ అబ్బాయి ఎవరో, ఎలాంటివాడో తన గురించి తననే చెప్పమను” అన్నారట. ఆ మాటను మన్నించి ఈ యువకుడు రెండు పేజీల ఉత్తరాన్ని ముందు ఇంగ్లీషులో రాసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని తానే టర్కిష్‌లోకి మార్చి, అమ్మాయికి కూడా చూపించకుండా పంపించారు. ఆమెను ఆశ్చర్యపరచాలన్నది ఆయన కోరిక.

ఇంగ్లీషు ఉత్తరంలో ‘వాండర్’ అనే మాట ఐదు చోట్ల వచ్చింది. తండ్రి సైకిలు మీద బట్టల మూట కట్టుకుని ముప్పై ఏళ్లు ఊరూరా, ఇంటింటికీ తిరిగి వాయిదాల మీద చీరలు అమ్మి తనను చదివించారని చెప్పడానికి ‘దెర్బెదెర్’ అనే మాటను ఎంచుకున్నారు. తాను అనేక నగరాలు తిరిగినవాడినని చెప్పడానికి ఒక చోట ‘సెర్సెరి’ అని, మరొక చోట ‘అవారె’ అని రాశారు. ఆదివారాలు బెర్లిన్ వీధుల్లో ఒంటరిగా నడవడం ఇష్టమని చెప్పడానికి ‘ఐలాక్’ అన్నారు. అమ్మాయిని కలిసినప్పటి నుంచి మనసు వేరే వైపు పోలేదని చెప్పే వాక్యం కూడా సరిగా కుదరలేదు. ఉత్తరం చదివిన పెద్దాయన దాన్ని మడిచి బల్ల సొరుగులో పెట్టి, “కన్నతండ్రి గురించి ఇలా రాసేవాడు రేపు నా గురించి ఏం రాస్తాడు?” అని మాత్రం అన్నారట. నెల రోజులుగా ఆయన ఆ ప్రస్తావన తేవడం లేదు. అమ్మాయి మొదట నవ్వి, తర్వాత తనకు ముందే ఎందుకు చూపించలేదని కోపగించుకుంది. ఊళ్లో తల్లి దీన్ని అపశకునంగా భావిస్తున్నారు. అన్నిటికన్నా కష్టమైనది మరొకటి ఉంది: తండ్రి ఫోనులో, “నా గురించి ఏం రాశావురా?” అని అడిగితే ఈయన జవాబు చెప్పలేక ఫోను పెట్టేశారు. “తప్పు నిఘంటువుదా, నాదా? మళ్లీ రాయాలా, వెళ్లి క్షమాపణ అడగాలా, ఊరుకోవాలా?” అని ప్రశ్న.

మీ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి మాటల కోసం, రెండోసారి ఆ పెద్దాయన కోసం, మూడోసారి మీ నాన్నగారి కోసం. ఆ వరుసలోనే జవాబు చెబుతాను.

నిఘంటువు మీకు అబద్ధం చెప్పలేదు. ‘వాండర్’ అనేది చాలా విశాలమైన మాట. పాత ఇంగ్లీషు నుంచి వస్తున్న ఈ క్రియకు మెలి తిరగడం అనే అర్థమున్న మరో పాత క్రియతో చుట్టరికం ఉంది. గమ్యం లేకుండా నడిచేవాడూ, లోకం చూడడానికి బయలుదేరినవాడూ, మంద నుంచి తప్పిపోయిన గొర్రే, చెప్పే విషయం నుంచి పక్కకు పోయిన ఉపన్యాసకుడూ, పాఠం మధ్యలో కిటికీలోంచి చూస్తున్న పిల్లవాడి మనసూ, మైదానంలో వంపులు తిరిగే ఏరూ అందరూ ఆ ఒక్క క్రియ కిందే ఒదుగుతారు. తిరిగేవాడు మంచివాడా చెడ్డవాడా అన్న తీర్పు ఆ మాటలో లేదు. పక్కనున్న మాటలను బట్టి చదివేవారే నిర్ణయించుకుంటారు. టర్కిష్‌లో ఆ వెసులుబాటు లేదు. అక్కడ తిరగడానికి ఒక మాట, షికారుకు ఒక మాట, దారి తప్పడానికి ఒక మాట, తిరిగేవాడిని గౌరవించడానికి ఒకటి, ఈసడించడానికి నాలుగు ఉన్నాయి. నిఘంటువు వాటన్నిటినీ ఒకే వరుసలో, కామాలతో విడదీసి పెడుతుంది. ఏ మాట ఏ ఇంట్లో నోటికి వస్తుందో, ఏ మాట పెద్దల ముందు అనకూడదో ఆ కామాలు చెప్పవు.

మన భాషలో దీన్ని ఊహించుకుంటే మీకు వెంటనే తెలుస్తుంది. ఎవరో విదేశీయుడు తెలుగు నిఘంటువు చూసి భీమవరంలోని ఒక పెద్దమనిషికి, “మా నాన్న దేశదిమ్మరి, నేను తిరుగుబోతును, ఆదివారాలు బలాదూరుగా ఉంటాను, మీ అమ్మాయినివ్వండి” అని రాశాడనుకోండి. సంచారి, యాత్రికుడు, దిమ్మరి, జులాయి, తిరుగుబోతు అనే మాటలన్నిటి అడుగునా తిరగడమే ఉంది. అయినా ‘సంచారి’ అన్న చోట ‘తిరుగుబోతు’ అంటే సంబంధం అక్కడితో ఆగిపోతుంది. ఆ మాటకు మన దగ్గర నడకతో సంబంధం ఎప్పుడో పోయి, శీలం మీద నిందగా మిగిలింది. మీ ఉత్తరం ఆ వడ్రంగి మేస్త్రి చెవిన సరిగ్గా అలాగే పడింది.

ఒక్కొక్క మాటా విడిగా చూద్దాం. ‘దెర్బెదెర్’ దగ్గర మిమ్మల్ని మోసం చేసింది టర్కిష్ కాదు, మీకు హైదరాబాదులో అబ్బిన ఉర్దూ. ఫారసీలో ‘దర్’ అంటే తలుపు. ‘దర్ బదర్’ అంటే తలుపు నుంచి తలుపుకు. ఇంటింటికీ తిరిగి చీరలు అమ్మిన మనిషికి ఇంతకన్నా చక్కటి మాట ఏముంటుందని మీరు అనుకుని ఉంటారు. ఉర్దూలో కూడా దానికి నిలువ నీడ లేక అల్లాడడం అనే బరువు ఉంది. టర్కిష్‌లోకి వెళ్లాక అది ఇంకా దిగజారి చింపిరి జుట్టూ, పద్ధతి లేని బతుకూ, ఇల్లూ వాకిలీ పట్టనితనమూ కలిసిన మనిషిని సూచించే మాటయింది. పిల్లల చదువు కోసం ఎండలో సైకిలు తొక్కిన మనిషిని మీరు తెలియక ఆ మాటతో పిలిచారు.

‘సెర్సెరి’ మరీ పదునైన మాట. సముద్రంలో తాడు తెగి ఎటో కొట్టుకుపోయే మందుపాతరను టర్కిష్‌లో ‘సెర్సెరి మాయిన్’ అంటారు. ఎవరికో గురిపెట్టగా దారినపోయేవాడికి తగిలిన తూటాను ‘సెర్సెరి కుర్షున్’ అంటారు. మనిషికి వాడితే ఆకతాయి, జులాయి, నమ్మదగనివాడు. స్నేహితులు ఒకరినొకరు ముద్దుగా అనుకోవచ్చు గానీ, పిల్లను అడిగే ఉత్తరంలో అబ్బాయి తన గురించి తాను అనుకునే మాట కాదు. ‘ఐలాక్’ అంటే పనీపాటా లేనివాడు. పొద్దున ఏడింటికి పనిముట్లు అందుకునే మనిషికి ఆ మాట ఎలా వినిపిస్తుందో మీరే ఆలోచించండి. అలా ఊరికే తిరిగేవాళ్లను టర్కిష్ నానుడి ‘ఖాళీగా తిరిగేవాడి కింద పనిలేని పనివాడు’ అనే అర్థం వచ్చేలా ఎత్తిపొడుస్తుంది. అందులోని ‘కాల్ఫా’ అనే మాట మేస్త్రి కింద పని నేర్చుకున్న పనివాడిదే, అంటే అది వడ్రంగుల వంటి చేతిపనివాళ్ల లోకపు మాటతో చేసిన ఎత్తిపొడుపే.

‘అవారె’ విషయంలో మీకు కొంత ఊరట ఉంది. ఫారసీ నుంచి అటు టర్కీకీ ఇటు మనకూ వచ్చిన ఈ మాట, 1951 నాటి రాజ్ కపూర్ హిందీ సినిమా వల్ల టర్కీలో ఒక తరానికి ఆప్యాయమైన జ్ఞాపకంగా మిగిలింది. భారతీయుడు కనిపిస్తే ఆ పాట పల్లవి అందుకునే పెద్దవాళ్లు అక్కడ ఇప్పటికీ కనిపిస్తారు. ఆ ఒక్క మాటే రాసి ఉంటే ఆయన బహుశా చిన్నగా నవ్వి ఊరుకునేవారు. మిగతా మూడింటి పక్కన చేరాక దానికీ ఆ రంగే అంటుకుంది.

ఐదో వాక్యంలో మీరు వాడిన ‘దొలాష్మాక్’ చుట్టూ తిరగడాన్ని చెప్పే మంచి మాటే. నెత్తురు ఒంట్లో ప్రసరించడానికీ, విదేశంలో మన ఫోను పనిచేసే సదుపాయానికీ దాని నుంచి పుట్టిన మాటే వాడతారు. కానీ దారం చిక్కుపడినా, నాలుక తడబడినా కూడా అదే క్రియ. అందుకే ‘నా మనసు తిరగలేదు’ అనబోయిన మీ వాక్యం ‘నా బుర్ర చిక్కుపడలేదు’ అన్నంత వింతగా తేలింది. ఆలోచనల్లో మునగడానికి వాళ్లు ‘దాల్మాక్’ అంటారు, అసలు అర్థం నీళ్లలో మునగడం. ధ్యాస తప్పితే, మనలాగే, మనసు వేరే చోటికి వెళ్లిందంటారు. నిఘంటువులో దగ్గరలోనే ఉండే ‘సాప్మాక్’ మీ కంట పడనందుకు నేను సంతోషిస్తున్నాను. దారి నుంచి పక్కకు తప్పుకోవడం దాని అర్థం గానీ, దాని నుంచి పుట్టిన ‘సాపిక్’ అనే మాట వక్రబుద్ధి గలవాడికి వాడే తిట్టు.

ఇక మీకు కావలసిన మాటలు. సరదాగా, ఇష్టంగా తిరగడానికి ‘గెజ్మెక్’, నింపాదిగా అటూ ఇటూ నడవడానికి ‘గెజిన్మెక్’. ఆదివారపు నడకకు ఇవి చాలు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. గ్రహాన్ని కూడా వాళ్లు ఆ ధాతువుతోనే ‘గెజెగెన్’ అన్నారు, అంటే తిరిగేది. ప్రాచీన గ్రీకులు గ్రహాలకు పెట్టిన పేరుకు కూడా అర్థం అదే. (మనం మాత్రం పట్టుకునేది అన్న అర్థంలో ‘గ్రహం’ అన్నాం. నాకు ఈ తేడా ఎప్పుడు గుర్తొచ్చినా ముచ్చటేస్తుంది.) దేశాలు చూసినవాడు నేటి మాటలో ‘గెజ్గిన్’, పాత గౌరవమైన మాటలో ‘సెయ్యాహ్’. మందలతో కొండల మీదికీ మైదానాలకూ మారుతూ బతికినవారు ‘యోరూక్’లు, నడవడం అనే క్రియ నుంచే వచ్చిన ఆ పేరును ఐదిన్ చుట్టుపక్కల చాలా కుటుంబాలు గర్వంగా చెప్పుకుంటాయి. మీ నాన్నగారి పనికి టర్కీ పల్లెల్లో అచ్చంగా ఒక మాట ఉంది: ‘చెర్చి’. గాడిద మీదో గుర్రం మీదో సూదులు, దారాలు, అద్దాలు, గుడ్డలు వేసుకుని ఊరూరా తిరిగి అమ్మే వర్తకుడు చెర్చి. పల్లెల్లో అతని కోసం ఎదురుచూసేవారు; డబ్బు లేకపోతే గుడ్లకో గోధుమలకో సరుకు ఇచ్చేవాడు. ‘బాబామ్ చెర్చియ్ది’, మా నాన్న చెర్చి పని చేసేవారు, అన్న రెండే మాటలు రాసి ఉంటే ఆ పెద్దాయన కళ్లముందు తన తాతల ఊరి వీధి కనిపించేది.

పక్కనే ఇంకొక గొయ్యి ఉంది, అందులోనూ పడకండి. మీరు జర్మన్‌లో సర్దిచెప్పుకోవాలనుకుంటున్నట్టు రాశారు. ఇంగ్లీషు ‘వాండర్’కు తోబుట్టువు అయిన జర్మన్ క్రియ ‘వాండర్న్’కు ఈ రోజుల్లో ముఖ్యార్థం కొండల్లో, అడవుల్లో కాలినడకన విహరించడం. ఐదు నగరాలు మారిన మీ జీవితాన్ని ఆ మాటతో చెబితే, మీరు వారాంతాల్లో మంచి బూట్లు వేసుకుని కొండలెక్కే మనిషని ఆయన అర్థం చేసుకుంటారు. అందులో చెడు లేదు గానీ, చెప్పవలసినది చెప్పినట్టు కాదు. అయితే ఆయన వృత్తి వల్ల జర్మన్ వైపు మీకు ఒక మంచి దారి ఉంది. జర్మనీలో పని నేర్చుకున్న వడ్రంగులు కొందరు ఇప్పటికీ నల్ల దుస్తులు వేసుకుని, మూడేళ్ల ఒక రోజు పాటు ఊరూరా తిరిగి పని చేస్తూ, ఆ కాలమంతా సొంత ఊరికి 50 కిలోమీటర్ల లోపలికి రాకుండా ఉండే పాత ఆచారాన్ని పాటిస్తారు. బెర్లిన్‌లో వడ్రంగి పని చేసే మనిషికి వాళ్ల సంగతి తెలియకపోదు. తిరగడం పని నేర్వడంలో భాగమన్న ఆలోచన ఆయనకు కొత్త కాదు. మీ తొమ్మిదేళ్లను మీరు అలా చూడగలరా అన్నది మీరే ఆలోచించుకోవాలి. చూడలేకపోతే పోలిక తేకండి.

మాటల సంగతి ఇంతవరకు. మాటలు దిద్దితే అంతా సరిపోతుందని మాత్రం నేను చెప్పలేను.

ఆ పెద్దాయన ఇంత కాలంగా జర్మనీలో ఉన్న మనిషి. పరాయివాడు నిఘంటువు చూసి రాసిన ఉత్తరంలో మాటలు దొర్లుతాయని ఆయనకు తెలియదా? తన తండ్రి వచ్చీరాని జర్మన్‌లో ఫ్యాక్టరీలో ఎన్ని పొరపాట్లు మాట్లాడి ఉంటారో ఆయన చిన్నప్పుడే చూసి ఉంటారు. అయినా ఆయన ఉత్తరాన్ని సొరుగులో పెట్టారంటే, ఆ తప్పు మాటలు ఆయన మనసులో ముందే ఉన్న ఒక భయానికి పేరు పెట్టాయని నాకు అనిపిస్తోంది. తొమ్మిదేళ్లలో ఐదు నగరాలు మారిన అబ్బాయి ఆరో నగరానికి వెళ్లడా, వెళితే తన కూతురు ఎక్కడుంటుంది, మనవలు ఏ భాష మాట్లాడతారు అన్నవి ఆయన ప్రశ్నలు. వాటికి మీ ఉత్తరం సరైన టర్కిష్‌లో ఉన్నా జవాబు లేదు. మతం గురించి మీరు ఒక్క వాక్యంలో, “అది తర్వాత మాట్లాడుకుందామన్నారు” అని రాశారు. ఆ తర్వాత అనేది వస్తుంది. దాన్ని ఈ పొరపాటు వెనక దాచకండి, దీనితో కలపకండి కూడా.

ఆయన కుటుంబానికి కూడా తిరగడం పరాయిది కాదని మీరు గుర్తుపెట్టుకోవాలి. 1961 అక్టోబరులో జర్మనీ, టర్కీల మధ్య కార్మికుల ఒప్పందం కుదిరాక వేలాదిమంది రైళ్లలో వచ్చారు. 1973లో ఆ నియామకాలు ఆపేశారు. జర్మన్లు వారిని అతిథి కార్మికులన్నారు. టర్కిష్‌లో అతిథిని ‘మిసాఫిర్’ అంటారు. మీరు హైదరాబాదులో విన్న ముసాఫిర్, ముసాఫిర్‌ఖానా ఈ మాటకు సొంత చుట్టాలే. అరబ్బీలో ప్రయాణికుడైనవాడు మన దగ్గర ప్రయాణికుడిగానే ఉండగా, టర్కిష్ ఇంటి గడప దాటగానే అతిథి అయ్యాడు. అలాగే ‘గుర్బెత్’ అంటే సొంత ఊరికి దూరంగా, పరాయి నేల మీద ఉండడం. ఉర్దూలో అదే మాట పేదరికాన్ని సూచిస్తుంది. జర్మనీలోని తమవాళ్లను టర్కీవాళ్లు ‘గుర్బెత్చి’లు అంటారు. దుబాయికీ కువైట్‌కూ వెళ్లినవాళ్లున్న మీ గోదావరి పల్లెల్లో ఆ బాధ ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. మీరు మిమ్మల్ని గురించి చెప్పుకోవడానికి వెతికిన మాట బహుశా ఇదే. ‘గుర్బెత్‌లో ఉన్నాను’ అన్నవాడిని ఆ ఇంట్లో ఎవరూ జులాయి అనుకోరు, ఎందుకంటే అది వాళ్ల సొంత కథ.

ఇప్పుడు మీ ముందున్న దారులు. అమ్మాయే తండ్రికి సర్దిచెప్పడం మొదటిది. అది అన్నిటికన్నా సులువు, బహుశా అన్నిటికన్నా త్వరగా పనిచేస్తుంది కూడా. ఆయన కూతురి టర్కిష్‌ను నమ్ముతారు. కానీ మీ తరఫున వాదించే పని ఆమె మీద పడుతుంది, పెళ్లికి ముందే తండ్రికీ మీకూ మధ్య దుబాసిగా నిలబడాల్సి వస్తుంది. ఒకసారి ఆ పాత్ర మొదలైతే ఏళ్ల తరబడి దిగదు. పైగా ఆమెకు మీ మీద కోపమే తనను పక్కన పెట్టారని. అలాంటప్పుడు ముందు తప్పు చేసి, తర్వాత దిద్దమని ఆమెను పంపడం ఆ కోపాన్ని పెంచవచ్చు. ఆమె తానుగా ముందుకొస్తే వేరే సంగతి.

రెండో ఉత్తరం రాయడం మరో దారి. దాని లాభం నిలకడ: మాటలు ఎంచుకోవడానికి సమయం ఉంటుంది, ఆయన మళ్లీ మళ్లీ చదువుకోవచ్చు. నష్టమూ అదే. సొరుగులో రెండు ఉత్తరాలు పక్కపక్కన ఉంటాయి, రెండోది వకీలు రాసిన జవాబులా కనిపించే ప్రమాదం ఉంది. రాస్తే ఒక పేజీ దాటకండి. మాటల చరిత్ర అంతా చెప్పకండి. అది మీకు నేను చెప్పాను గానీ, ఆయనకు అవసరం లేదు. ఏ మాటలు తప్పుగా రాశారో, వాటికి బదులు ఏమనాలనుకున్నారో రెండు మూడు వాక్యాల్లో చెప్పి, మిగతా పేజీ మీ నాన్నగారికీ, మీరు ఎక్కడ స్థిరపడదలిచారన్న ప్రశ్నకూ ఇవ్వండి. ఈసారి పంపేముందు టర్కిష్ మాతృభాష అయినవారు చదవాలి. ఆ చదివేవారు ఆ అమ్మాయే అయితే ఆమె కోపానికి కూడా కొంత జవాబు దొరుకుతుంది, కాబట్టి ఈ దారి నాకు మొదటిదానికన్నా నచ్చుతుంది.

మూడోది మీరే వెళ్లడం. టర్కీవాళ్లలో పిల్లను అడగడానికి అబ్బాయి తరఫు పెద్దలు పూలూ చాక్లెట్లూ పట్టుకుని వెళ్లడం ఆచారం. అమ్మాయి కాఫీ తెస్తుంది, అబ్బాయి కప్పులో చాలాచోట్ల చక్కెరకు బదులు ఉప్పు వేసి అతని ఓర్పు చూస్తారు. ఆ రోజు ఇంకా రాలేదు, కాబట్టి ఆ సన్నాహంతో వెళ్లకండి. పెద్దాయన చేతిని ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకునే మర్యాద ఉంది గానీ, అది వాళ్ల ఇంట్లో పాటిస్తారో లేదో అమ్మాయిని అడిగి తెలుసుకోండి. మన పద్ధతిలో కాళ్ల మీద పడతానన్నారు; అది ఆయన్ని ఇబ్బంది పెడుతుంది, దయచేసి మానుకోండి. ఆయన పనిచేసే చోటికి వెళ్లి, పని ఆగే వేళ చూసుకుని, మీకు వచ్చినంత జర్మన్‌లో, “ఆ మాటలు నాకు తెలియక రాశాను, మా నాన్న గురించి మీకు సరిగా చెప్పాలని వచ్చాను” అనడం చాలు. ఇందులో ప్రమాదం ఏమిటంటే ఆయన అప్పుడే ప్రశ్నలు అడగవచ్చు. ఆరో నగరం గురించి అడిగితే ఏం చెబుతారో ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్లండి. తేల్చుకోలేకపోతే ఇంకా తేల్చుకోలేదని చెప్పడం కూడా జవాబే. దాని ఫలితం మీకు అనుకూలంగా ఉండకపోవచ్చు.

ఊరుకోవడం నాలుగోది. కొన్ని ఇళ్లలో కాలమే మాటలను మెత్తబరుస్తుంది. కానీ ఇప్పటికే నెల గడిచింది, ఆయన చేతిలో మీ గురించి ఉన్న ఆధారం ఆ రెండు పేజీలే. దాన్ని అలాగే వదిలేయడం నాకు ఇష్టం లేదు.

వెళ్లినా, రాసినా మీకు సాయపడే రెండు సంగతులు ఆయన వైపు నుంచే ఉన్నాయి. 17వ శతాబ్దపు ఇస్తాంబుల్‌వాడు ఎవ్లియా చెలెబి సుమారు నలభై ఏళ్లు ఉస్మానియా సామ్రాజ్యమంతా తిరిగి పది సంపుటాల యాత్రాగ్రంథం రాశాడు. తన తిరుగుడు ఎలా మొదలైందో ఆయనే చెప్పుకున్నాడు. 1630లో ఒక రాత్రి కలలో, ఒక మసీదులో ప్రవక్త దర్శనమైంది. ‘షెఫాత్’, అంటే నా తరఫున వేడుకోండి, అని అడగాల్సింది. తత్తరపాటులో నోరు జారి ‘సెయాహత్’, అంటే ప్రయాణం, అన్నాడు. ప్రవక్త చిరునవ్వు నవ్వి ఆ ప్రయాణంతో పాటు ముందు అడగబోయినది కూడా అనుగ్రహించారట. టర్కీలో బడికి వెళ్లిన చాలామందికి తెలిసిన కథ ఇది. తిరగడానికి సంబంధించిన మాట దగ్గరే నాలుక తడబడినవారు మీకు ముందు కూడా ఉన్నారని ఆయనకు గుర్తు చేయడం తప్పు కాదు. కానీ ఇందులో ప్రవక్త ప్రస్తావన ఉంది. పరాయి మతస్థుడి నోట అది ఎలా వినిపిస్తుందో అమ్మాయిని అడగకుండా వాడకండి. ఆమె వద్దంటే వద్దు.

రెండోది నది. ఐదిన్ మైదానంలో పారే నది పేరు బుయుక్ మెందెరెస్. ప్రాచీన గ్రీకులు దాన్ని మయాండ్రోస్ అన్నారు. అది ఎన్ని వంపులు తిరిగేదంటే, వంకరటింకరగా సాగే దేనికైనా ఇంగ్లీషువాళ్లు వాడే ‘మియాండర్’ అనే మాట ఆ నది పేరు నుంచే పుట్టింది. మోసుకొచ్చిన ఒండ్రుతో అది సముద్రాన్ని వెనక్కి నెట్టి, ఒకనాటి రేవు పట్టణం మిలెటస్‌ను తీరానికి దూరం చేసింది. అంజూరపు తోటలు పండే మైదానాన్ని ఇచ్చింది. మన భాషలో కూడా వంపు, వాగు రెండూ ‘వంక’లే కదా. ‘వాండర్’ కోసం మీరు మూడు ఫారసీ మూలాల మాటలు వెతికి తెచ్చారు. తిరుగుతూ తిరుగుతూ సాగిన జీవితాన్ని చెప్పడానికి ఆ ఇంటివాళ్ల సొంత నదే ఉంది. “మీ మెందెరెస్ లాగా వంపులు తిరుగుతూ వచ్చాను, కానీ నదికి చేరే చోటు ఉంటుంది” అని రాయాలంటే ఆ రెండో సగం మీరు నిజంగా నమ్మాలి. నమ్మకపోతే మొదటి సగంతో ఆపండి.

ఆ అమ్మాయి కోపం గురించి ఒక మాట. ఆశ్చర్యపరచాలన్న కోరికలో ప్రేమ ఉంది, నేను కాదనను. కానీ ఆమె పుట్టి పెరిగిన భాషలో, ఆమె తండ్రికి, ఆమె గురించి రాసిన ఉత్తరాన్ని ఆమె చూడలేదు. మన సామెత ఒకటి, తిరిగి ఆడది చెడుతుందనీ తిరక్క మగవాడు చెడతాడనీ అంటుంది. మీ ఉత్తరం తెలియకుండానే దాని నీడలో సాగిందేమో చూసుకోండి. మీ తిరుగుడు ఐదు చోట్ల ఉంది, ఆమె ఎక్కడికి వెళ్లాలనుకుంటుందో ఒక్క చోటా లేదు. తర్వాతి నగరం గురించిన ప్రశ్న తండ్రి కన్నా ముందు ఆమెను అడగండి.

చివరిగా మీ నాన్నగారు. మీరు ఏ దారి ఎంచుకున్నా, దానికి ముందు ఆయనకు ఫోను చేయమని కోరుతున్నాను. ఏం రాశారో ఉన్నదున్నట్టు చెప్పండి, ఆ మాటకు అక్కడ అర్థం ఏమిటో కూడా చెప్పండి. ముప్పై ఏళ్లు గుమ్మాల దగ్గర రకరకాల మాటలు విన్న మనిషి ఆయన. మీరు దాచినందుకు బాధపడినంతగా ఆ మాటకు బాధపడకపోవచ్చు. తర్వాత, “నాన్నా, మీ పని గురించి మీరైతే ఏం చెబుతారు?” అని అడిగి, ఆయన ఏ ఊళ్లు తిరిగారో, మూటలో ఏం ఉండేవో, వాయిదా బాకీ రాకపోతే ఏం చేసేవారో ఆయన మాటల్లోనే రాసుకోండి. అమ్మాయి ఒప్పుకుంటే ఆ తెలుగు వాక్యాలను మీరిద్దరూ కలిసి కూర్చుని టర్కిష్‌లో పెట్టండి. ఉత్తరం రాసేటట్టయితే అవి మొదటి పేరాలో ఉండాలి, వెళ్లేటట్టయితే ఆ కాగితం మీ జేబులో ఉండాలి.